కారు కింది గాలి

పాఠ్యభాగ ఉద్దేశం: యువతకు వాహనాలపై మక్కువ సహజం. అయితే ఒక వస్తువును కొనే ముందు అది మన అవసరానికి ఏ మేరకు ఉపకరిస్తుందో శాస్త్రదృష్టితో ఆలోచించాలి. పందెపు కార్లలో ఉపయోగించే అడుగుభాగపు అమరికలు నగర వీథులలో తిరిగే కార్లకు మేలు చేస్తాయా అన్న ప్రశ్నను చర్చిస్తూ, కొనుగోలులో వివేకాన్నీ, దారిలో తోటివారి పట్ల బాధ్యతనూ గుర్తుచేయడం ఈ పాఠం ఉద్దేశం.

సాయంకాలం ఆరు గంటలకు ఉప్పల్ కూడలిలో నిలబడి చూస్తే హైదరాబాదు నగరపు తూర్పు వాకిలి ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. వరంగల్ వైపు నుంచి, నాగోలు వైపు నుంచి, రామంతాపూర్ వైపు నుంచి, సికింద్రాబాదు వైపు నుంచి వచ్చే వాహనాలన్నీ అక్కడ కలుసుకుంటాయి. 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు తలపైన సాగిపోతూ ఉంటుంది. 2023లో ప్రారంభమైన ఆకాశ వంతెన మీద పాదచారులు నిశ్చింతగా నడిచిపోతూ ఉంటారు. కింద కార్లు మాత్రం నత్తనడక నడుస్తూ ఉంటాయి. ఆ రద్దీలో చిక్కుకున్న కార్లలో కొన్నింటి వెనుక బంపరు కింద నల్లని రెక్కల వంటి పలకలు కనిపిస్తాయి. మరికొన్నింటికి ముందు బంపరు కింద పెదవి వంటి పట్టీ, ఇరువైపులా నేలకు దగ్గరగా వేలాడే అంచులు ఉంటాయి. వెనుక పలకలను డిఫ్యూజర్ అనీ, ముందు పట్టీని లిప్ అనీ, పక్క అంచులను స్కర్ట్ అనీ పిలుస్తారు. ఇవన్నీ గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో పోయే పందెపు కార్ల నుంచి వచ్చిన అమరికలు. గంటకు ఇరవై కిలోమీటర్లు కూడా సాగని ఆ కూడలిలో వాటికేమి పని అన్న ప్రశ్న నాకు చాలాకాలంగా ఉండేది. ఒక సంఘటన ఆ ప్రశ్నను నా చేత లోతుగా ఆలోచింపజేసింది.

నాచారంలో మా వీథిలోనే ఒక కుర్రవాడు ఉన్నాడు. డిప్లొమా పూర్తిచేసి, పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారంలో ఉద్యోగంలో చేరాడు. తండ్రి వాడిన పాత కారు అతని చేతికి వచ్చింది. టైర్లు అరిగిపోయాయనీ, కొత్తవి నాలుగూ వేయించమనీ తండ్రి 22,000 రూపాయలు ఇచ్చాడు. వారం తరువాత ఆ కుర్రవాడు కారు తెచ్చి మా ఇంటి ముందు ఆపాడు. టైర్లు పాతవే. కారు చుట్టూ మాత్రం నల్లని పలకలు తళతళలాడుతున్నాయి.

“ఇదేమిటి బాబూ?” అని అడిగాను.

“డిఫ్యూజర్ సార్. ఇది పెడితే కారు రోడ్డుకు అతుక్కుని పోతది. పెట్రోలు కూడా తక్కువ తాగుతది” అన్నాడు ఉత్సాహంగా.

అమ్మిన దుకాణంవారు చెప్పిన మాటలే అవి. నేను అప్పుడు ఏమీ అనలేకపోయాను. నెల గడవకముందే, ఒక వానాకాలపు సాయంత్రం వేగనిరోధకం మీద ఆ పలక తగిలి ఒక కొన విరిగింది. దానిని తీగతో కట్టుకొని అలాగే తిరిగాడు. రెండు రోజుల తరువాత ఉప్పల్ రోడ్డు మీద అది ఊడి పడింది. వెనుక స్కూటరు మీద వస్తున్న ఒక మహిళ దానిని తప్పించబోయి పడిపోయింది. ఆమె మోకాలి చిప్ప చిట్లింది. ఆమె నెల రోజులు పనికి పోలేకపోయింది. కుర్రవాడు ఆస్పత్రి ఖర్చు భరించాడు కాని, ఆ నెల రోజుల బాధను ఎవరు భరించగలరు?

ఆ మరునాడు కారును మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్తూ నన్నూ తోడు రమ్మన్నాడు. ఆ వృద్ధుడు ముందుగా పలక వంక చూడలేదు. వంగి టైరు మీద వేలితో రాసి, “బిడ్డా, గాలిని పట్టుకుందామని పోయినవు, నేలను పట్టుకునే టైర్లను మరిచినవు” అన్నాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

అయితే ఒక వస్తువును నిందించే ముందు దాని గొప్పతనాన్ని తెలుసుకోవడం న్యాయం. కారు అడుగున గాలి చేసే పని చిన్నది కాదు. రెండు కాగితాలను దగ్గరగా పట్టుకొని వాటి నడుమ గట్టిగా ఊదితే అవి దూరంగా పోవడానికి బదులు దగ్గరకు వస్తాయి. వేగంగా ప్రవహించే గాలిలో పీడనం తగ్గడమే దానికి కారణం. స్విట్జర్లాండు దేశపు శాస్త్రవేత్త డేనియల్ బెర్నూలీ 1738లో ప్రకటించిన గ్రంథంలో ఈ సూత్రానికి పునాది వేశాడు. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మీరు చదువుకొనే సూత్రమే ఇది. కారు అడుగుభాగం నేలకు దగ్గరగా, నున్నగా ఉంటే కింది సందులో గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. పైనున్న గాలి కారును నేలకు అదుముతుంది. వెనుక భాగంలో క్రమంగా పైకి లేచే డిఫ్యూజర్ ఆ గాలిని నెమ్మదింపజేసి, బయటి గాలిలో సాఫీగా కలుపుతుంది. దీనివల్ల కారు వెనుక ఏర్పడే సుడులు తగ్గుతాయి, కారును వెనక్కు లాగే బలమూ తగ్గుతుంది.

ఈ సూత్రాన్ని పందెపు కార్లలో అద్భుతంగా ప్రయోగించినవాడు లోటస్ సంస్థ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్. 1977లో ఆయన బృందం తెచ్చిన లోటస్ 78 కారు అడుగుభాగాన్ని తిరగేసిన విమానపు రెక్క ఆకారంలో మలచారు. పక్కల నుంచి గాలి చొరబడకుండా నేలను తాకే అంచులు అమర్చారు. 1978లో దాని తరువాతి రూపమైన లోటస్ 79తో మారియో ఆండ్రెట్టి ఫార్ములా వన్ ప్రపంచ విజేత అయ్యాడు. అదే ఏడాది స్వీడన్‌లో జరిగిన పోటీలో నికీ లాడా నడిపిన బ్రభాం కారు ఇంకొక అడుగు ముందుకు వేసింది. దాని వెనుక అమర్చిన పెద్ద ఫంకా అడుగునున్న గాలిని తోడివేసింది. ఆ కారు ఆ ఒక్క పోటీలోనే పాల్గొని, గెలిచి, తరువాత బరిలోకి రాలేదు. వంపులలో వేగం ప్రమాదకరంగా పెరుగుతున్నదని భావించి 1983 నుంచి అడుగుభాగం చదునుగా ఉండాలన్న నియమం తెచ్చారు. 2022లో మళ్ళీ గాలి సొరంగాలు గల అడుగుభాగానికి అనుమతి లభించినప్పుడు కార్లు నేలకు అదిమినట్లై, మరల లేచి, గుర్రపు స్వారీ వలె ఎగిరెగిరి పడ్డాయి. ప్రపంచంలోని మేటి ఇంజనీర్లే ఆ కుదుపును అదుపు చేయడానికి నెలల తరబడి శ్రమించవలసి వచ్చింది. అడుగునున్న గాలి ఎంత బలమైనదో, ఎంత మొండిదో దీనివల్ల తెలుస్తుంది.

మన నగరానికి కూడా ఆ పోటీల రుచి తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరంలో విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పోటీ జరిగింది. భారతదేశంలో జరిగిన మొదటి ఫార్ములా ఈ పోటీ అదే. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ దృశ్యాన్ని చూసిన యువకులకు తమ కారు కూడా అలా ఉండాలన్న కోరిక కలగడంలో ఆశ్చర్యం లేదు. కాని ఆ రోజు ఆ కార్లు పరుగెత్తినది సుమారు 2.8 కిలోమీటర్ల మేర ప్రత్యేకంగా తీర్చిదిద్దిన బాట మీద. ఆ బాట మీద ఆటో లేదు, గుంత లేదు, అడ్డంగా దాటే పాదచారి లేడు. ఉప్పల్, నాచారం దారుల సంగతి వేరు.

అడుగునున్న గాలి మనకు పని చేసిపెట్టాలంటే నాలుగు షరతులు నెరవేరాలి. కారు నేలకు బాగా దగ్గరగా ఉండాలి. అడుగుభాగం ముందు నుంచి వెనుక వరకు నున్నగా ఉండాలి. పక్కల నుంచి గాలి చొరబడకూడదు. వేగం ఎక్కువగా ఉండాలి. ఈ నాలుగింటినీ మన వీథులలో పరీక్షించి చూద్దాం.

మొదటిది ఎత్తు. భారత రహదారుల కాంగ్రెస్ సూచనల ప్రకారం గుండ్రని వేగనిరోధకం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. నాచారం సందులలో కాలనీవాసులు తామే పోయించుకొన్న గుట్టలు ఈ కొలతలను పాటించవు. కొన్ని మరీ నిటారుగా, మరీ ఎత్తుగా ఉంటాయి. మన చిన్న కార్ల అడుగుకూ నేలకూ నడుమ ఖాళీ సాధారణంగా 16, 17 సెంటీమీటర్లు ఉంటుంది. నలుగురు కూర్చుంటే అదీ తగ్గుతుంది. దానికి కింద మరొక పలక వేలాడదీస్తే ఏమి జరుగుతుందో పైన చెప్పిన సంఘటనే చెబుతున్నది. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు ఎత్తైన వంతెన నిర్మాణం 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన రోజులలో ఆ దారిలో తిరిగినవారికి నేలకూ కారుకూ మధ్య ఉన్న ప్రతి సెంటీమీటరు విలువ బాగా తెలుసు. ఎత్తు ఉంచితే గాలి పని చేయదు, తగ్గిస్తే కారు సాగదు.

రెండవది నునుపు. సాధారణమైన కారును లిఫ్టు మీద ఎత్తి కింది నుంచి చూడండి. పొగగొట్టం, సైలెన్సరు, ఇరుసు, స్టెప్నీ గుంత, ఇంధనపు తొట్టి కనిపిస్తాయి. వీటన్నింటికీ తగిలి చెదిరిన గాలి వెనుకకు చేరేసరికి సుడులు తిరుగుతూ ఉంటుంది. బంపరుకు అతికించిన నాలుగు రెక్కలు ఆ చెదిరిన గాలిని మరల క్రమపరచలేవు. ఏటి పొడవునా బండరాళ్లు ఉంచి, చివరన ఒక్క చోట మాత్రం గట్టు కట్టినట్లు ఉంటుంది ఆ ప్రయత్నం. మూడవది పక్కల మూత. నేలను తాకే అంచులు మన గుంతల దారులలో ఒక్క రోజు కూడా నిలువవు. కాబట్టి దానిని గురించి చర్చించనవసరం లేదు.

నాలుగవది, అన్నింటికంటె ముఖ్యమైనది వేగం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే నిరోధం నాలుగు రెట్లవుతుంది. 1,100 కిలోల బరువున్న ఒక చిన్న కారును తీసుకొని లెక్క వేద్దాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో గాలి దానిని సుమారు 51 న్యూటన్ల బలంతో వెనక్కు నెడుతుంది. అదే సమయంలో టైర్లు దొర్లడానికి కలిగే నిరోధం సుమారు 130 న్యూటన్లు. అంటే వీథిలో కారుకు ప్రధాన ప్రత్యర్థి గాలి కాదు, టైరు. దాదాపు 64 కిలోమీటర్ల వేగం వద్ద రెండూ సమానమవుతాయి. 100 కిలోమీటర్ల వేగంలో గాలి నిరోధం 320 న్యూటన్లకు చేరి టైరు నిరోధానికి రెండున్నర రెట్లవుతుంది.

దుకాణంవారి మాట నమ్మి, ఈ అమరిక గాలి నిరోధాన్ని నూటికి ఐదు వంతులు తగ్గిస్తుందని ఉదారంగా ఒప్పుకొందాం. 40 కిలోమీటర్ల వేగంలో మనకు మిగిలేది రెండున్నర న్యూటన్లు. ఒక కిలోమీటరు ప్రయాణంలో ఆదా అయ్యే శక్తి రెండున్నర కిలోజౌళ్లు. ఇప్పుడు అదే కారు ఎర్రదీపం చూసి ఒక్కసారి ఆగిందనుకొందాం. 40 కిలోమీటర్ల వేగంలో దానికున్న గతిజశక్తి దాదాపు 68 కిలోజౌళ్లు. అదంతా బ్రేకులలో వేడిగా మారి వృథా అవుతుంది. అంటే ఒక్కసారి ఆగితే పోయే శక్తిని ఆ అమరిక ద్వారా సంపాదించడానికి సుమారు 27 కిలోమీటర్లు ప్రయాణించాలి. నాచారం నుంచి ఉప్పల్ కూడలికి చేరేలోగా మనం ఎన్నిసార్లు ఆగుతామో లెక్కించుకుంటే మిగిలేదేమిటో ఎవరికి వారే గ్రహించగలరు. ఇది కొండను తవ్వి ఎలుకను పట్టడం వంటిది.

‘కారు రోడ్డుకు అతుక్కుపోతుంది’ అన్న మాటను కూడా పరిశీలిద్దాం. ఒక మంచి అమరిక కారును నేలకు అదిమే బలాన్ని ఉదారంగానే అంచనా వేసినా, 40 కిలోమీటర్ల వేగంలో అది కిలోన్నర బరువుకు మించదు. మీ పుస్తకాల సంచి అంతకంటె బరువుంటుంది. 100 కిలోమీటర్ల వేగంలో సుమారు 10 కిలోలు. 1,100 కిలోల కారుకు ఈ అదనం ఏపాటిది? కారును రోడ్డుకు పట్టి ఉంచేవి టైర్లు. కారు టైరు గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని మన మోటారు వాహనాల నియమాలు నిర్దేశిస్తున్నాయి. వానలో ఆ గాళ్లే నీటిని పక్కకు తోసి రబ్బరును నేలకు తాకిస్తాయి. అవి అరిగిపోయాక ఏ డిఫ్యూజరూ ఆ లోటును తీర్చలేదు.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ‘ఘట్‌కేసర్ దాకా పోతే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నది కదా, అక్కడ వేగంగా పోతాము కదా’ అని కొందరు అంటారు. నిజమే. 100 కిలోమీటర్ల వేగంలో ఐదు శాతమంటే 16 న్యూటన్లు. వంద కిలోమీటర్లు అదే వేగంతో పోతే లీటరులో ఐదో వంతు పెట్రోలు మిగలవచ్చు. లీటరు వంద రూపాయలనుకుంటే ఇరవై రూపాయలు. మా వీథి కుర్రవాడు పెట్టిన 22,000 రూపాయలు ఇలా తిరిగి రావాలంటే 1,10,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. అంటే ఔటర్ రింగ్ రోడ్డును దాదాపు 700 సార్లు చుట్టిరావాలి. అప్పటికి ఆ పలక ఉంటుందా, ఆ కారు ఉంటుందా అన్నది వేరే ప్రశ్న.

‘మరి కార్ల కంపెనీలే అడుగున మూతలు అమరుస్తున్నాయి కదా’ అన్నది రెండవ అభ్యంతరం. ఇది ఇంకా బలమైనది. 1999లో హోండా సంస్థ తెచ్చిన ఇన్‌సైట్ కారు అడుగుభాగాన్ని చదునైన పలకలతో కప్పారు. తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం నడవడానికి అదీ ఒక కారణం. నేటి విద్యుత్ కార్లలో బ్యాటరీ అడుగున చదునుగా పరచుకొని ఉండడం వల్ల గాలి సాఫీగా సాగుతుంది. ఒక్క ఛార్జింగుతో ఎక్కువ దూరం పోవాలంటే రహదారి మీద ప్రతి న్యూటనూ లెక్కలోకి వస్తుంది. పైగా ఆ కార్లు బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి చేర్చగలవు. అందువల్ల అడుగుభాగపు అమరికలు వ్యర్థమని నేను అనడం లేదు. కారును రూపొందించేటప్పుడే గాలిసొరంగంలో పరీక్షించి, ఇంజను చల్లబడే దారినీ, నీరు జారిపోయే దారినీ ఆలోచించి అమర్చినది వేరు. దుకాణంలో చూసి, అందంగా ఉందని మరలతో బిగించినది వేరు. మొదటిది శరీరంలో అవయవం వంటిది. రెండవది పులిని చూసి నక్క పెట్టుకున్న వాత వంటిది.

ఈ భేదాన్ని గ్రహించినవారు ఇంకొక పొరపాటు కూడా చేయరు. చాలా కార్లకు ఇంజను కింద కంపెనీవారే ఒక కవచం అమరుస్తారు. మరమ్మతు సమయంలో మరలు పోయాయనో, విరిగిందనో దానిని తీసి పారేసేవారు ఉన్నారు. అది గాలికే కాక రాళ్లకూ, బురదకూ, వాననీటికీ అడ్డు. 2020 అక్టోబరులో హైదరాబాదును ముంచెత్తిన వానలను చూసినవారికి దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. కంపెనీ ఇచ్చిన కవచాన్ని పారేసి, బజారు పలకను తగిలించుకోవడం చేతిలో గొడుగును విసిరేసి, టోపీకి ఈక పెట్టుకోవడమే అవుతుంది.

‘అందం కోసం పెట్టుకుంటే తప్పేమిటి’ అని మీలో కొందరు అడగవచ్చు. అందం తప్పు కాదు. ఎద్దుల కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కట్టిన జాతి మనది. కాని ఆ రంగు వల్ల ఎద్దు ఎక్కువ దున్నుతుందని ఏ రైతూ అనుకోలేదు. అలంకారాన్ని అలంకారమని తెలిసి, అవసరాలు తీరిన తరువాత, గట్టిగా బిగించి, ఎవరికీ హాని కలగకుండా పెట్టుకొంటే అది ఎవరి ఇష్టం వారిది. చట్టపు హద్దులను కూడా గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను చెబుతున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది.

నిజంగా ఇంధనం ఆదా చేయాలనుకొనేవారికి మార్గాలు చేతిలోనే ఉన్నాయి. పదిహేను రోజులకొకసారి టైర్లలో గాలి సరిచూసుకోవాలి. అవసరం లేనప్పుడు కారు పైకప్పు మీది సామాను చట్రాన్ని తీసివేయాలి. డిక్కీలో అనవసరపు బరువు మోయరాదు. దూరంగా ఎర్రదీపం కనిపించగానే యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి, కారును దానంతట అదే నెమ్మదించనివ్వాలి. వీటిలో ఏ ఒక్కటీ ఇరుగుపొరుగు మెచ్చుకొనేలా పైకి కనిపించదు. అయినా నెలాఖరున పెట్రోలు ఖర్చు చూసుకొంటే తేడా తెలుస్తుంది.

మా వీథి కుర్రవాడు మిగిలిన పలకలను తానే ఊడదీశాడు. రెండు నెలల జీతంలో కొంత మిగిల్చి టైర్లు మార్చాడు. గాయపడిన ఆమె ఇంటికి వెళ్లి ఆ నెల కూలి నష్టాన్ని కూడా ఇచ్చివచ్చాడు. ఆమె కోలుకొన్నది కాని, ఇప్పటికీ మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకొంటుందని అతడే నాతో చెప్పాడు. పరిశ్రమల నడుమ పెరిగి, యంత్రాలతో జీవించే యువకులున్న ప్రాంతం మనది. లోహాన్ని మిల్లీమీటరులో వందో వంతు వరకు కొలిచి కోయగల చేతులు నాచారంలో ఉన్నాయి. ఆ చేతులకు తమ కారు విషయంలో ఒక చిన్న లెక్క వేసుకోవడం కష్టం కాదు. ఈసారి ఎవరైనా ఒక వస్తువును చూపి ‘ఇది పెడితే కారు దూసుకుపోతుంది’ అన్నప్పుడు, ఎంత వేగంలో, ఎటువంటి దారిలో, ఎంత మేరకు అని మూడు ప్రశ్నలు అడగండి. సమాధానం తృప్తికరంగా లేకపోతే, వంగి మీ టైర్ల వంక ఒకసారి చూసుకోండి.